పండుగప్ప మీద పంచనామా

మా నాన్నగారు మెల్‌బోర్న్‌లో దిగిన పన్నెండో రోజు పొద్దున, ఇడ్లీ తింటూ, తన టికెట్టు ముందుకి మార్పించమన్నారు. జనవరి చివరిదాకా ఉండాల్సిన మనిషి సెప్టెంబరు దాటకుండానే వెళ్ళిపోతానంటున్నారు. ఆయన్నీ మా అమ్మనీ రప్పించడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఒక ఏడాది నా వీసా తేలలేదు, ఒక ఏడాది ఆయన రిటైర్మెంటు కాలేదు, ఒక ఏడాది మా అమ్మ మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఇంకో ఏడాది ఎందుకు కుదరలేదో గుర్తులేదు గానీ కుదరలేదు. అంత చేసి తీసుకొస్తే పన్నెండు రోజులకే పెట్టె సర్దుతానంటే నాకు ఒళ్ళు మండింది.

అసలే నాకు ముక్కు మీద కోపం. ఆపైన అవి ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ రెండువేల సంవత్సరం రాగానే తికమకపడతాయని అందరూ హడలిపోతున్న రోజులు. ఒక బీమా కంపెనీ వాళ్ళ పాత ప్రోగ్రాముల్లో ఏడాదికి రెండంకెలున్న చోటల్లా నాలుగంకెలు పెట్టడం నా ఉద్యోగం. చెబితే చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ, శనివారాలు కూడా వదలకుండా రెండేళ్ళు చేస్తే మనిషికి క్యాలెండరు చూస్తేనే వాంతి వస్తుంది. నడుముకి కంపెనీ వాళ్ళిచ్చిన పేజరు ఒకటి వేలాడుతుండేది. అది కూస్తే ఎక్కడున్నా ఫోను వెతుక్కుని పరిగెత్తాలి.

ఎందుకు వెళ్ళిపోతారని అడిగితే నాన్నగారు చట్నీలో వేలు ముంచి, "ఇక్కడ నాతో ఎవరికీ పని లేదురా" అన్నారు. అది నిజమే. మా అమ్మని అప్పటికే ఆ వీధిలోని ఆంటీలందరూ పంచుకున్నారు. ఒకావిడకి ఆవకాయ కొలతలు కావాలి, ఇంకొకావిడకి వ్రతం పుస్తకం చదివిపెట్టాలి. నాన్నగారికి మాత్రం పొద్దున చెత్తడబ్బా బయటపెట్టాక మర్నాడు దాన్ని లోపల పెట్టేదాకా వేరే పని లేదు. తలుపుకింద పడే దుకాణాల కరపత్రాలన్నీ తారీఖులవారీగా పేర్చి, చిల్లులు పొడిచి, ట్యాగు కట్టి ఫైలు చేశారు. ఆయన వెళ్తే మా అమ్మా వెళ్ళాల్సిందే, ఎందుకంటే ఆయనకి స్టౌ వెలిగించడం రాదు. ఆ మాట మా అమ్మే చెప్పింది, కొంచెం దిగులుగా.

నాన్నగారు కాకినాడ వైపు సముద్రతీర గ్రామాల్లో ముప్పై రెండేళ్ళు చేపల ఆఫీసరుగా చేశారు. అందుకని నాకొక ఆలోచన వచ్చింది. ఊరికి దూరంగా, సముద్రం ఒడ్డున, ఒక చిన్న అక్వేరియం ఉంది. ఆదివారం అక్కడికి తీసుకెళ్తాను, ఆ చుట్టుపక్కల చూడాల్సినవన్నీ చూద్దాం, అప్పటికీ ఉండాలనిపించకపోతే టికెట్టు మార్పిస్తాను అని మాటిచ్చాను. ఆయన సరేనన్నారు. ఆ ఊరి పేరు మాత్రం చెప్పను. అక్వేరియం వాళ్ళు ఇంకా ఉన్నారేమో.

అక్టోబరులో ఒక ఆదివారం బయల్దేరాం. మా అమ్మ తెల్లవారకముందే లేచి ముగ్గురికి పదిమంది తినేంత పులిహోర కలిపింది. నాన్నగారు సఫారీ సూటు వేసుకున్నారు. జేబులో నీలం కలం, ఎర్ర కలం. చంకలో ఉద్యోగం రోజుల నాటి రెక్సిన్ సంచీ. అందులో ఏముందని అడిగితే అవసరమైనవన్నీ ఉన్నాయన్నారు. క్రాన్‌బర్న్ దాటాక రోడ్డుకి రెండువైపులా ఆవులే. ఇప్పుడు నేనుండే క్లైడ్ నార్త్ కూడా అప్పుడు ఆవులదే. మా వీధిలో ఇప్పుడు వరసగా నలుగురు తెలుగువాళ్ళ ఇళ్ళున్నాయంటే అక్కడ మేసిన ఆవులు నమ్మవు.

ముందు సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. ఇసకలో ఒక వరసలో రంగురంగుల చెక్క గదులున్నాయి, స్నానానికి వచ్చేవాళ్ళు బట్టలు మార్చుకునేవి. మా అమ్మ అందులో జనం కాపురముంటారనుకుని, ఇంత చిన్నింట్లో వంట ఎక్కడ చేస్తారో పాపం అని జాలిపడి, తలుపు తీసి ఉన్న ఒక గదిలోని ముసలావిడకి పులిహోర పెట్టి వచ్చింది. ఆవిడ వద్దనలేదు. తర్వాత మేం అటు వచ్చేటప్పుడు చేయెత్తి మరీ పిలిచింది, మరి కాస్త పెట్టమని.

అక్కడినించి సముద్రంలోకి పొడుగ్గా చెక్క వంతెన ఉంది, చివరిదాకా జనం గేలాలు వేసుకుని కూర్చున్నారు. నాన్నగారికి నడక మారిపోయింది. చేతులు వెనక్కి కట్టుకుని, ప్రతి బకెట్టు దగ్గరా ఆగి, వంగి, లోపలికి చూడ్డం మొదలుపెట్టారు. ముప్పై రెండేళ్ళ అలవాటు. ఒక బకెట్టులోంచి ఏకంగా చేపను తీసి, జానతో కొలిచి, పెదవి విరిచారు. నేను సిగ్గుతో చచ్చిపోతూ క్షమించమని చెప్పబోయేంతలో, నిక్కరు తొడుక్కున్న ఆ బకెట్టు ఆసామీ లేచి నిలబడి, పర్సులోంచి చేపలు పట్టే అనుమతి కార్డు తీసి నాన్నగారి చేతిలో పెట్టాడు. సఫారీ సూటు ఏ దేశంలోనైనా పని చేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

నాన్నగారు ఆ కార్డుని రెండువైపులా తిప్పి చదివి, తేదీ చూసి, తలాడించి తిరిగిచ్చేశారు. ఆసామీ ఆ చేపని స్కేలు మీద పెట్టి, కొలత తక్కువుందని ఒప్పుకుని, నీళ్ళలోకి వదిలేశాడు. నేను వాళ్ళిద్దరినీ విడదీసి తీసుకురావడానికి తల ప్రాణం తోకకొచ్చింది. మెల్‌బోర్న్ వచ్చాక నాన్నగారు నవ్వడం నేను చూసింది అదే మొదలు. "చూశావా, పిల్ల చేపని వదిలేశాడు" అని రెండుసార్లు చెప్పారు.

అక్వేరియం నిజంగానే చిన్నది. చీకటిగా, చెమ్మగా, ఎక్కడ చూసినా ఉప్పు వాసన. నాన్నగారు ప్రతి తొట్టి ముందూ బోర్డంతా చదివిగాని కదలరు. మా అమ్మ బోర్డులు చదవదు, తొట్టిలోకి చూసి ఇది పులుసుకి, ఇది వేపుడికి, ఇది మాత్రం ఊరకే ముళ్ళు అని తేల్చేస్తుంది. మా ముందు ఒక జపాన్ యాత్రికుల బృందం నడుస్తోంది, అందరూ అరవై దాటినవాళ్ళే, చిన్న జెండా పట్టుకున్న పిల్ల వెనకాల. అంతా సవ్యంగా సాగుతోందని నేను ఊపిరి పీల్చుకునేంతలో పేజరు కూసింది. బయట వీధిలోని ఫోనుపెట్టెకి పరిగెత్తాను. ఎవరో పుట్టిన తేదీ వచ్చే శతాబ్దంలో పడిందట. ఆ కస్టమరు ఇంకా పుట్టలేదు గనక అతనికి బీమా కుదరదని కంప్యూటరు చెప్పిందట. ఎక్కడ సరిచేయాలో చెప్పి తిరిగొచ్చేసరికి అరగంట పట్టింది.

లోపల జనం ఒక తొట్టి ముందు మూగి ఉన్నారు. మధ్యలో మా నాన్నగారు నేలమీద బాసింపట్టు వేసుకుని, సంచీ మీద కాగితాలు పెట్టుకుని రాస్తున్నారు. మా అమ్మ టార్చిలైటు పట్టింది. తొట్టిలో వెండి రంగు చేపలు నాలుగైదు, మూరెడున్నర పొడవు, బద్ధకంగా తిరుగుతున్నాయి. బోర్డు మీద బారమండి అని పెద్దక్షరాలు. కింద, ఈ చేప ఆస్ట్రేలియా నీళ్ళలో తప్ప ప్రపంచంలో మరెక్కడా దొరకదని.

"ఇది పండుగప్ప" అన్నారు నాన్నగారు, తలెత్తకుండానే. "మన పండుగప్ప."

ఆ చేప సంగతి కాస్త చెప్పాలి. మా వైపు చెరువుల్లో రొయ్యలు పెంచడం మొదలైనప్పుడు, జనం సముద్రపు పాయల్లో సన్నటి వలలు లాగి రొయ్యపిల్లల్ని ఏరుకునేవాళ్ళు. ఆ వలలో రొయ్యపిల్లలతో పాటు పండుగప్ప పిల్లలూ వేలకొద్దీ పడేవి. వాటిని గట్టు మీద ఎండలో పారేసేవాళ్ళు. కనీసం తిరిగి నీళ్ళలో వదలమని చెప్పించండి, లేకపోతే కొన్నేళ్ళకి ఈ చేప కనబడదు అని నాన్నగారు ప్రతి ఏడాదీ పై ఆఫీసుకి రిపోర్టు రాసేవారు. పంపేముందు రాత్రి భోజనాల దగ్గర మా అందరికీ చదివి వినిపించేవారు. రిటైరయ్యే వారంలో కూడా ఒకటి రాశారు. ఒక్కదానికీ, అందింది అని కూడా, జవాబు రాలేదు. ఆ విషయం ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

ఇప్పుడు ఆయన రాస్తున్నది మామూలు ఫిర్యాదు కాదు, పంచనామా. స్థలం, సమయం, తొట్టిలో చేపలెన్ని, తోక ఎలా ఉంది, కంటి రంగేమిటి, బోర్డు మీద రాసిందేమిటి, అన్నీ అంకెలేసి రాస్తున్నారు. కాగితాల మధ్య కార్బను పేపరు. కాకినాడనించి మెల్‌బోర్న్‌కి చీరెల మధ్య కార్బను పేపర్లు తెచ్చుకున్న మనిషి ఆ ఏడాది ఆయనొక్కరే అయ్యుంటారు.

పంచనామాకి ఇద్దరు సాక్షులుండాలి. నేనున్నానుగా అంటే, కుటుంబసభ్యులు పనికిరారన్నారు. ఆ జనంలోంచి జపాన్ పెద్దాయనొకరు, చాలాసేపటినించీ చేపల్నీ మా నాన్నగారినీ మార్చి మార్చి చూస్తున్నవారు, ముందుకొచ్చారు. ఆయనకి ఇంగ్లీషు నాలుగు ముక్కలే వచ్చు. వాటితోనే, తాను నలభై ఏళ్ళు సముద్రపు ఊళ్ళో చేపల మార్కెట్టులో పని చేశానని చెప్పుకున్నారు. ఈ చేపని వేరే దేశంలో ఎక్కడైనా చూశారా అని నాన్నగారు కోర్టులో అడిగినట్టు అడిగారు. థాయిలాండు, తైవాను అని ఆయన వేళ్ళు మడిచి, దాన్ని ఎలా కోస్తారో అరచేతి మీద గీసి చూపించారు. మా నాన్నగారు అదంతా రాసుకున్నారు. జెండా పట్టుకున్న పిల్ల బస్సు వెళ్ళిపోతుందని మొత్తుకుంటున్నా ఆ పెద్దాయన కదల్లేదు. పై నుంచి కిందికి నిలువుగా, తీరిగ్గా సంతకం పెట్టి, నడుము వంచి నమస్కారం చేశారు. నాన్నగారూ వంగారు. ఆయన మళ్ళీ వంగారు. ఇది ఎక్కడ ఆగుతుందో తెలియక నేను గోడవైపు తిరిగాను.

రెండో సాక్షిగా ఆ పెద్దాయన భార్య సంతకం చేశారు. మా అమ్మకి అది నచ్చలేదు.

"ఆయన భార్య సంతకం పనికొచ్చినప్పుడు నాది ఎందుకు పనికిరాదండీ?" అంది.

"ఆవిడ నా భార్య కాదు గదా" అన్నారు నాన్నగారు.

మా అమ్మ టార్చి ఆర్పేసింది.

పై ప్రతిని టికెట్ల కౌంటరులో ఇచ్చి, కింది ప్రతి మీద అందినట్టు ముద్ర కావాలన్నారు నాన్నగారు. కౌంటరులోని అమ్మాయి పై ప్రతిని మర్యాదగానే తీసుకుంది, మేనేజరుకి ఇస్తానంది. ముద్ర సంగతే అర్థం కాలేదు. నేను పక్కనించి వద్దులే అని సైగలు చేస్తున్నాను. నాన్నగారు గుద్దినట్టు చేత్తో చూపించారు. ఆ అమ్మాయి ముఖం వెలిగింది. బయటికెళ్ళి మళ్ళీ లోపలికొచ్చేవాళ్ళ చేతి మీద వేసే ముద్ర ఒకటుంది, నీలం డాల్ఫిను బొమ్మ. దాన్ని కాగితం మీద గట్టిగా ఒత్తింది. చాలదేమోనని నాన్నగారి మణికట్టు మీద కూడా ఒకటి వేసింది. ఆయన రెండింటినీ పరిశీలించి, కాగితం మీద పడ్డదే స్పష్టంగా ఉందని చెప్పి సంచీలో పెట్టుకున్నారు.

పొద్దుగూకేవేళ రాళ్ళ దగ్గర కూర్చున్నాం, సముద్రంలోంచి బుల్లి పెంగ్విన్లు ఒక్కొక్కటే గూళ్ళకి తిరిగొచ్చే చోట. మా అమ్మకి వాటి నడక చూసి ఎవరో చుట్టాలావిడ గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయింది. వీటి హాజరు ఎవరు తీసుకుంటారని నాన్నగారు పక్కనున్న తెల్లాయన్ని అడిగారు. ఆయన చాలా శ్రద్ధగా, స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు తీసుకుంటారని చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో నేనే టికెట్టు మాటెత్తాను. "ఇప్పుడెలా వెళ్తానురా? జవాబు రావాలి గదా" అన్నారు. నేను గెలిచాననుకున్నాను.

మర్నాటినించి నాన్నగారికి ఉద్యోగం దొరికింది. పదిన్నరకల్లా సఫారీ సూటు వేసుకుని ఉత్తరాల పెట్టె దగ్గర నిలబడేవారు. పోస్టుమాన్ చిన్న మోటారు సైకిలు మీద వచ్చి, ఈ రోజు ఏమీ లేదు మేట్ అనేవాడు. నాన్నగారు థాంక్యూ సర్ అని లోపలికి వచ్చేవారు. నవంబరు మొదట్లో గుర్తుచేస్తూ ఒక ఉత్తరం రాశారు. నవంబరు చివర్లో, ఆ గుర్తుచేసిన ఉత్తరాన్ని గుర్తుచేస్తూ ఇంకొకటి. పోస్టుమాన్‌కి కూడా బెంగ పట్టుకుంది. కొన్నాళ్ళకి తల అడ్డంగా ఊపడం మానేసి, దూరంనించే నేల చూపులు చూడ్డం మొదలుపెట్టాడు.

డిసెంబరు రెండో వారంలో ఒకరోజు నేను ఆఫీసునించి వచ్చేసరికి ఆయన లుంగీలో, సోఫాలో కూర్చుని ఉన్నారు. పదిన్నరకి బయటికే వెళ్ళలేదట. "ఇక్కడ కూడా అంతేరా. టికెట్టు సంగతి చూడు" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నేనూ అరిచి ఊరుకునేవాణ్ణి. మా అమ్మ వంటింట్లోంచి నా వంక చూసి, గిన్నెలు తోముకుంది. నాకు ఆ అక్వేరియం మీద, ఆ పై ఆఫీసు మీద, లోకంలో ఉత్తరం చదివి పక్కన పడేసే ప్రతి మనిషి మీదా పట్టరాని కోపం వచ్చింది.

ఆ కోపంలోనే నేనొక తప్పుడు పని చేశాను. మర్నాడు ఆఫీసులో అందరూ తిండికి వెళ్ళినప్పుడు కూర్చుని అక్వేరియం వాళ్ళ తరపున జవాబు రాశాను. మీ పంచనామా అందింది, మీరు చెప్పింది అక్షరాలా నిజం, బోర్డు మార్పిస్తున్నాం, మీవంటి అనుభవజ్ఞులకి కృతజ్ఞులం. రాస్తూ రాస్తూ నాకే ఊపొచ్చింది. ఇన్నేళ్ళూ మీ మాట ఎవరూ పట్టించుకోనందుకు విచారిస్తున్నామని రాశాను. పాయల్లో పట్టిన పిల్ల చేపల్ని గట్టు మీద పారేయకుండా నీళ్ళలో వదలాలన్న మీ సూచన ఎంతో విలువైనదని రాశాను. మంచి కాగితం మీద అచ్చు తీసి, గుర్తుపట్టలేని సంతకం ఒకటి గిలికి, పోస్టు చేశాను. చాలా బాగా కుదిరిందనిపించింది.

రెండురోజుల తర్వాత పోస్టుమాన్ హారన్ కొట్టుకుంటూ వచ్చాడట. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి మా అమ్మ రవ్వకేసరి చేసింది. నాన్నగారు మాత్రం అన్నం తిని, కవరు తీసుకుని గదిలోకి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున నేను కాఫీ తాగుతుంటే ఆ ఉత్తరం తెచ్చి నా ముందు పెట్టారు. నిండా ఎర్ర సిరా. రిఫరెన్సు నంబరు లేదు. సంతకం కింద హోదా లేదు. మూడో వాక్యం మరీ పొడుగు. దాన్ని కొట్టేసి, కింద ఆయనే తిరగరాశారు.

"అక్వేరియం వాళ్ళు మర్యాదస్తులేరా" అన్నారు, ఎదురుగా కూర్చుంటూ. "కానీ రొయ్యపిల్లల సంగతి, గట్టు మీద పారేయడం సంగతి, నేను పంచనామాలో రాయలేదు."

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. అంత తెలివైన ప్రోగ్రామరుని, అడుగడుగునా తప్పులు పట్టడమే ఉద్యోగంగా ఉన్నవాణ్ణి, ఇంత చిన్న విషయం నాకు తట్టనే లేదు. తల వంచుకుని తిట్ల కోసం కాచుక్కూర్చున్నాను.

"నేను చదివేటప్పుడు నువ్వు కంచంలో వేలు పెట్టి గీతలు గీసుకుంటుండేవాడివి" అన్నారు. "వినడం లేదనుకున్నాను."

"విన్నాను నాన్నగారూ."

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. టికెట్టు జనవరికే ఉండనీ అన్నారు. తర్వాత జేబులోంచి ఎర్ర కలం తీసి, ఉత్తరం పైన ఎడమవైపు మూలలో 'జవాబు అందినది' అని రాసి, తేదీ వేసి, సంతకం చేశారు.